తొలిచూలుతో ఎండాకాలం పుట్టింటికి వెళ్లాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి?

సెలవులిచ్చారంటే చాలు మన ఇళ్లల్లో అందరూ ఊళ్లకి బయల్దేరతారు కదా, ఆ ఏడాది ఇంట్లో ఒకమ్మాయి తొలిసారి నీళ్లోసుకుని ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. ఎప్పుడొస్తున్నావే అని అమ్మ రోజూ ఫోన్, మా ఊరొచ్చి అమ్మవారికి దణ్ణం పెట్టుకుని వెళ్లమ్మా అని అత్తయ్యగారు, ఆవకాయ కలిపే టైమ్‌కి ఇక్కడుండాలని అమ్మమ్మ, బేసి నెల చూసి చలిమిడి పెడతానని పెద్దమ్మ. అందరిదీ ప్రేమే, కాదనను, కానీ ఆ ఎండలో తిరగాల్సింది మాత్రం కడుపుతో ఉన్న ఆ ఒక్క పిల్లే.

అందుకే ఈ విషయంలో నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. చూడాల్సిన మనుషుల్ని తగ్గించుకోవద్దు, దిగాల్సిన ఇళ్లు తగ్గించుకోండి. మిగతాదంతా ఆ లెక్కలోనే ప్లాన్ చేసుకోవచ్చు. నాకు బాగా తెలిసిన దారి హైదరాబాద్ నుంచి కోనసీమ కాబట్టి ఉదాహరణలు అక్కడివే చెప్తాను, మీది కడప అయినా శ్రీకాకుళం అయినా పద్ధతి అదే.

మొదటి పని: నెలలు కాదు, వారాలు లెక్క పెట్టుకోండి

ఇంట్లో పెద్దవాళ్లు "ఐదో నెల, ఏడో నెల" అంటారు, డాక్టర్లు, ఎయిర్‌లైన్స్ మాత్రం వారాల్లోనే మాట్లాడతాయి. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క. ప్రయాణానికి అన్నిటికన్నా అనువైన టైమ్ 14 నుంచి 28 వారాల మధ్య. అప్పటికి చాలామందికి వేవిళ్లు తగ్గిపోతాయి, పొట్ట ఇంకా మరీ బరువవదు, నిద్ర కూడా పడుతుంది. మొదటి మూడు నెలల్లో వాంతులు, నీరసం, ఆపైన గర్భం నిలబడుతుందా లేదా అన్న కంగారు ఉంటాయి కాబట్టి తప్పనిసరైతే తప్ప ఆగడమే మేలు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం, వెళ్లే రోజుకి ఎన్ని వారాలో కాదు, తిరిగొచ్చే రోజుకి ఎన్ని వారాలో చూసుకోండి. 27వ వారంలో హాయిగా వెళ్లి నెలన్నర ఉంటే తిరిగొచ్చేటప్పటికి 33 దాటుతుంది, అప్పుడు కథ వేరు. కాన్పు కూడా పుట్టింట్లోనే అనుకుంటే ఇంక తిరుగు ప్రయాణమే లేదు, అప్పుడు మాత్రం అక్కడి హాస్పిటల్‌ని వెళ్లిన వారంలోనే చూసుకుని, ఫైల్ మొత్తం చూపించి పేరు రాయించుకోండి. నొప్పులొచ్చిన రోజు కొత్త డాక్టర్‌ని వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

రెండో పని: డాక్టర్ దగ్గర ఓకే అనిపించుకోండి

ప్రయాణానికి ఒక వారం పది రోజుల ముందు చెకప్‌కి వెళ్లండి. ఊరికే "వెళ్లొచ్చా డాక్టర్" అంటే సరిపోదు, ఎక్కడికి, ఎందులో, ఎన్ని గంటలు, ఎన్ని రోజులు, అన్నీ చెప్పి అడగండి. మాయ కిందికి ఉందన్నా, మధ్యలో బ్లీడింగ్ అయినా, బీపీ ఎక్కువగా ఉన్నా, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేసినా, కవలలైనా డాక్టర్ వద్దంటే వద్దనే. అప్పుడు అమ్మనే మన దగ్గరికి రమ్మనండి, తను కాదనదు కదా.

టెస్టుల తేదీలు కూడా చూసుకోవాలి. బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ మనవాళ్లు 18 నుంచి 20 వారాల మధ్య చేయిస్తారు, షుగర్ కోసం గ్లూకోజ్ తాగించి చేసే టెస్ట్ 24 నుంచి 28 వారాల మధ్య. ఈ రెండూ ప్రయాణం కోసం వాయిదా వేసుకునేవి కావు, వెళ్లే ముందే చేయించుకోండి లేదా అక్కడ ఎక్కడ చేస్తారో ముందే కనుక్కోండి. మీది నెగెటివ్ బ్లడ్ గ్రూప్, మీవారిది పాజిటివ్ అయితే ఇంకో జాగ్రత్త. తల్లి ఒళ్లు బిడ్డ రక్తానికి ఎదురు తిరక్కుండా వేసే యాంటీ డీ ఇంజెక్షన్ మామూలుగా 28 వారాల దగ్గర ఇస్తారు, ఎప్పుడైనా బ్లీడింగ్ కనిపిస్తే 72 గంటల్లోపు వేయించాలి. ఊళ్లో ఏ హాస్పిటల్‌లో ఆ ఇంజెక్షన్ దొరుకుతుందో నాన్నతోనో తమ్ముడితోనో ఒక ఫోన్ కొట్టించి ముందే కనుక్కోండి, ఇది చాలామంది పట్టించుకోని విషయం.

మూడో పని: ఒక్క ఇల్లు ఎంచుకోండి

ఇది అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే టికెట్లు డబ్బులిస్తే దొరుకుతాయి గానీ చుట్టాలకి నచ్చజెప్పడం అలా కుదరదు. అమ్మావాళ్లింట్లో పది రోజులు, అత్తగారింట్లో నాలుగు రోజులు, మధ్యలో అమ్మమ్మ ఊరు, పిన్ని వాళ్ల గృహప్రవేశం, పక్కూళ్లో పెళ్లి, ఇలా ఒక్కొక్కటే కలుపుకుంటూ పోతే రోజు విడిచి రోజు కారెక్కాల్సి వస్తుంది. ప్రతి ఇంట్లో బాత్రూమ్ కొత్త, నీళ్లు కొత్త, పడక కొత్త, భోజనం టైమ్ కొత్త. మామూలప్పుడైతే సరదానే, ఇప్పుడు మీరు వట్టి మనిషి కాదు కదా.

కాబట్టి ఎవరింట్లో ఇంగ్లీష్ టాయిలెట్, రాత్రిపూట ఏసీ గానీ కూలర్ గానీ, కరెంట్ పోతే ఇన్వర్టర్, అరగంటలో చేరేంత దూరంలో గైనకాలజిస్ట్ ఉన్నారో ఆ ఇల్లే మీ మకాం. అది పుట్టిల్లే అవ్వాలని లేదు, టౌన్‌లో ఉన్న అక్క ఇల్లైనా సరే. అత్తగారితో మీరే మాట్లాడకుండా మీవారి చేత చెప్పించండి, "అమ్మా, తనని రెండు చోట్లకి తిప్పలేం, డాక్టర్ వద్దన్నారు, మీరే వచ్చి నాలుగు రోజులుండండి" అని కొడుకు చెప్తే ఒకలా ఉంటుంది, కోడలు చెప్తే ఇంకోలా ఉంటుంది, మనందరికీ తెలిసిందే. సీమంతమో గాజులు తొడగడమో పెట్టుకుంటే ఆ ఒక్క రోజే అందరూ వచ్చేస్తారు, మేనత్తలు, పిన్నులు, వదినలు, అందర్నీ కూర్చున్నచోటే చూసేయొచ్చు. ముహూర్తం పొద్దున్నే తొమ్మిదింటి లోపు దొరుకుతుందేమో పంతులుగారిని అడగండి, పట్టుచీర కట్టుకుని మధ్యాహ్నం పన్నెండింటికి షామియానా కింద కూర్చోవడం ఎవరికీ మంచిది కాదు.

తేదీల విషయంలో ఇంకోటి, రోహిణీ కార్తె వదిలేయండి. మే 25 ప్రాంతంలో మొదలై దాదాపు రెండు వారాలు ఉంటుంది, రోహిణి ఎండలకి రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. వీలైతే ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో వెళ్లి ఆ కార్తె రాకముందే వచ్చేయండి, లేదా ఆ టైమ్‌లో ఎక్కడున్నారో అక్కడే కదలకుండా ఉండిపోండి.

నాలుగో పని: టికెట్

నా ఓటు రాత్రి ట్రైన్‌కే. పడుకోవచ్చు, లేచి నడవొచ్చు, టాయిలెట్ పక్కనే ఉంటుంది, ఎండ ఉండదు, కుదుపులు తక్కువ. హైదరాబాద్ నుంచి గోదావరి జిల్లాలకి గౌతమి, గోదావరి లాంటి రాత్రి బళ్లున్నాయి. ఈ దారిలో వెళ్లే వందే భారత్ ఫాస్టే గానీ అన్నీ కుర్చీలే, పడుకోవడానికి ఉండదు, నడుం నొప్పి ఉన్నవాళ్లకి అన్ని గంటలు కూర్చోవడం కష్టం.

2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే ఓపెన్ అవుతోంది, సమ్మర్‌లో మొదటి రోజే అయిపోతాయి కాబట్టి తేదీ గుర్తుపెట్టుకోండి. గర్భిణులకి లోయర్ బెర్త్ కోటా ఉంది, దానికి డాక్టర్ సర్టిఫికెట్ పట్టుకుని రిజర్వేషన్ కౌంటర్‌కి వెళ్లాలి, ఫోన్‌లో బుక్ చేసుకుంటే ఆ సౌకర్యం అందదు. మీరే లైన్లో నిలబడక్కర్లేదు, ఇంట్లో ఎవరినైనా పంపండి. అప్పటికీ పై బెర్త్ వస్తే టీటీఈని అడగండి, ఎదుటివాళ్లని అడగండి, మొహమాటపడి పై బెర్త్ ఎక్కడం మాత్రం వద్దే వద్దు. ట్రైన్‌లో ఒంట్లో బాలేకపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చెయ్యాలి.

విమానం అయితే రాజమండ్రికి గంట ప్రయాణమే. మన దేశంలో చాలా ఎయిర్‌లైన్స్ 32 వారాల దాకా మామూలుగానే ఎక్కించుకుంటాయి, ఆ తర్వాత డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతాయి, 36కి వచ్చాక ఎక్కించుకోవు. కవలలైతే ఇంకా ముందే ఆపేస్తారు. విదేశాల నుంచి వచ్చేవాళ్లకి చాలా ఎయిర్‌లైన్స్ 28, 29 వారాలకే సర్టిఫికెట్ అడుగుతాయి, కాబట్టి టికెట్ తీసే ముందే ఆ కంపెనీ రూల్ చదువుకోండి. నడవా పక్క సీట్ తీసుకుంటే లేవడం తేలిక.

ఐదో పని: కారులో వెళ్తుంటే

ట్రైన్ దొరక్క కారే గతి అయితే తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరండి. విజయవాడ హైవే మీద ఆ టైమ్‌లో వెళ్తే ఎండ ముదరకముందే విజయవాడ చేరిపోతారు. అక్కడే ఎవరింట్లోనో హోటల్లోనో మధ్యాహ్నమంతా పడుకుని సాయంత్రం ఐదు తర్వాత మిగతా దారి వెళ్లడం ఉత్తమం, ఒక్క ఊపులో కోనసీమ దాకా లాగేద్దాం అని డ్రైవ్ చేసేవాళ్లకి అనిపిస్తుంది, ఒప్పుకోకండి.

ప్రతి గంటన్నరకి, మహా అయితే రెండు గంటలకి, బండి ఆపి ఐదు నిమిషాలు నడవాలి. గర్భంతో ఉన్నప్పుడు రక్తం తొందరగా గడ్డకట్టే స్వభావం ఉంటుంది, కదలకుండా గంటల తరబడి కూర్చుంటే కాళ్లల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంది, అందుకే ఇది చాదస్తం అనుకోవద్దు. కూర్చున్నప్పుడు కూడా పాదాలు పైకీ కిందకీ ఆడిస్తుండండి. సూర్యాపేట లాంటి చోట్ల టాయిలెట్లు కాస్త శుభ్రంగా ఉండే పెద్ద హోటళ్లు చూసి ఆపుకోండి. మూత్రం వస్తుందని నీళ్లు తాగడం మానేయడం మన ఆడవాళ్లకి బాగా అలవాటు, దానివల్ల యూరిన్ ఇన్ఫెక్షన్లు వస్తాయి, ఒంట్లో నీరు తగ్గితే పొట్ట బిగుసుకుపోవడం కూడా ఉంటుంది.

సీట్ బెల్ట్ పెట్టుకోవాలి, తప్పనిసరిగా. కింద పట్టీ పొట్ట మీద కాదు, పొట్ట కింద తొడల మొదట్లోకి రావాలి, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా పోవాలి. ఇంక రాజమండ్రిలో దిగి లోపలి ఊళ్లకి వెళ్లే ఆఖరి గంటన్నర ఉంటుంది చూడండి, స్పీడ్ బ్రేకర్లూ గుంతలూ అన్నీ అక్కడే. ఆటో, బైక్ వద్దు, స్టేషన్‌కి కారే రమ్మనండి.

ఆరో పని: చేతి బ్యాగ్

పెద్ద సూట్‌కేస్ ఎవరైనా మోస్తారు, చేతిలో ఉండాల్సినవి వేరే. ఫైల్, స్కాన్ రిపోర్టులు, ఎంసీపీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే తల్లీబిడ్డల కార్డు), బ్లడ్ గ్రూప్ కాగితం, అన్నిటి ఫోటోలు మీ ఫోన్‌లోనూ మీవారి ఫోన్‌లోనూ. ఐరన్, కాల్షియం మాత్రలు ఉండాల్సిన రోజులకన్నా వారం రోజులవి ఎక్కువే పెట్టుకోండి, రెండూ కలిపి వేసుకోకూడదు, ఐరన్‌ని పాలతోనో టీతోనో అసలు వద్దు. తలనొప్పికో నడుం నొప్పికో ఊళ్లో మెడికల్ షాపులో ఇచ్చే పెయిన్ కిల్లర్ వేసుకోవద్దు, ఏది వేసుకోవచ్చో మీ డాక్టర్ చేతే రాయించుకుని వెళ్లండి.

ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లు, ఓఆర్ఎస్ పౌడర్ ప్యాకెట్లు. ప్యాకెట్ మీద 1 లీటర్ అని ఉంటే 1 లీటర్ నీళ్లలోనే కలపాలి, సగం గ్లాసులో సగం ప్యాకెట్ అని ఉజ్జాయింపుగా కలపకండి. ఓఆర్ఎస్ పేరుతో అమ్మే తియ్యటి డ్రింకుల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశాలిచ్చింది, కాబట్టి కొనేటప్పుడు డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఇది కూడా అడిగే తాగాలి. తినడానికి పెరుగన్నం బదులు మరమరాలు, వేయించిన వేరుశనగలు, అరటిపళ్లు లాంటివి మేలు, పెరుగన్నం ఎండకి తొందరగా పులిసిపోతుంది.

ఏడో పని: ఊళ్లో

ఇద్దరి కోసం తిను అంటారు, కొసరి కొసరి వడ్డిస్తారు. కొంచెం కొంచెంగా ఐదారు సార్లు తినండి, వద్దనడానికి అదే మంచి దారి, "ఇప్పుడు కాదు పిన్నీ, సాయంత్రం తింటా" అంటే ఎవరూ నొచ్చుకోరు. ముంజలు, కొబ్బరినీళ్లు, పల్చటి మజ్జిగ బాగా తీసుకోండి. మామిడిపళ్లు తినొచ్చు, షుగర్ వచ్చినవాళ్లే డాక్టర్ చెప్పినంత. కొత్తావకాయ అన్నం మొదటి ముద్ద ఎవరాపగలరు గానీ బీపీ ఉంటే ఆ ఒక్క ముద్దతో ఆగాలి. బండి మీద చెరకురసం, అందులో వేసే ఐస్, కోసి పెట్టిన పళ్ల ముక్కలు మాత్రం వద్దు.

పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా గడప దాటకండి. రాత్రి దోమతెర ఉండాల్సిందే. వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోండి.

ప్రతి నెల 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకి ఉచితంగా చెకప్ చేస్తారు, ఆ తేదీకి ఊళ్లో ఉంటే వెళ్లి బీపీ, హిమోగ్లోబిన్ చూపించుకోండి, ఆశా కార్యకర్తకి ఒక మాట చెప్తే ఆవిడే తీసుకెళ్తుంది.

కొన్నిటికి మాత్రం రేపు చూద్దాం అనొద్దు. బ్లీడింగ్, ఉమ్మనీరు కారడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం చేతులు ఉన్నట్టుండి వాయడం, జ్వరం, విడవకుండా వచ్చే కడుపునొప్పి, బిడ్డ కదలిక తగ్గడం. "ఎండకి అలాగే ఉంటుందిలే, పడుకో" అని ఇంట్లో ఎవరన్నా సరే, 108కి ఫోన్ చేసి హాస్పిటల్‌కి వెళ్లండి. ఎండకి పాదాలు కాస్త వాయడం మామూలే, ముఖం వాయడం మామూలు కాదు.

తిరిగొచ్చాక రెండు మూడు రోజులు వంటా పనీ పెట్టుకోకుండా పడుకోండి, ఆ వారంలోనే మీ డాక్టర్‌ని కలిసి బరువు, బీపీ చూపించుకుని, ఊళ్లో ఎవరైనా మందులు రాసిచ్చి ఉంటే ఆ చీటీ కూడా మీ ఫైల్లో పెట్టించండి.