పాత వీడియో టేపుల డిజిటైజేషన్, 4వ పాఠం: బొమ్మ ఎక్కడ చెడింది?

గత పాఠంలో వీసీఆర్‌ను క్యాప్చర్ పరికరానికి (వీసీఆర్ బొమ్మను కంప్యూటర్ ఫైలుగా మార్చేదానికి) కలిపి ఒక చిన్న ముక్క రికార్డు చేసుకున్నాం. దాన్ని కంప్యూటర్లో పెద్దగా పెట్టి చూస్తే ఏదో ఒక లోపం కనబడే ఉంటుంది. చాలామంది వెంటనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి షార్ప్‌నెస్ పెంచుతారు, నాయిస్ ఫిల్టర్ వేస్తారు. అది ఆఖర్న చేయాల్సిన పని. ముందు ఆ లోపం టేపులోనే ఉందా, వీసీఆర్‌లో పుట్టిందా, కేబుల్లో చేరిందా, క్యాప్చర్‌లో వచ్చిందా అన్నది తేల్చుకోవాలి. టేపు మీద ఉన్నదాన్ని వీసీఆర్ సరిగా చదవకపోతే అది ఫైల్లోకి రానే రాదు. రానిదాన్ని ఏ ఫిల్టరూ తెచ్చి ఇవ్వలేదు.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. అదే ముక్కను రెండుసార్లు క్యాప్చర్ చేసి పక్కపక్కన పెట్టండి. రెండింటిలోనూ అదే ఫ్రేములో, అదే చోట తెల్లగీత పడితే దెబ్బ టేపుకే తగిలిందని అనుకోవచ్చు. గీత చోటు మారుతుంటే వీసీఆర్ వైపు చూడాలి. తర్వాత వేరే టేపు వేయండి. అన్ని టేపుల్లోనూ అదే లోపం వస్తుంటే టేపుల తప్పేమీ లేదు.

ఇక అందరినీ ఎక్కువగా సతాయించే ట్రాకింగ్ సంగతి, అంటే టేపు మీది గీతల మీద వీసీఆర్ హెడ్ సరిగ్గా నడవడం. బొమ్మకు అడ్డంగా చుక్కల పట్టీ ఒకటి పడుతుంది, ఒక్కోసారి మెల్లగా పైకో కిందికో జరుగుతుంది. వీహెచ్ఎస్ టేపు మీద బొమ్మ ఏటవాలు గీతలుగా రాసి ఉంటుంది. మన దేశంలో వాడిన పాల్ టీవీ పద్ధతిలో, టేపును చదివే హెడ్లు బిగించిన వీసీఆర్ డ్రమ్ నిమిషానికి 1500 సార్లు తిరుగుతూ, సగం చుట్టుకు ఒక గీత చొప్పున చదువుతుంది. మామూలు వేగంలో రికార్డయిన గీత వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే. రికార్డు చేసిన మెషీన్‌కూ మీ మెషీన్‌కూ అమరికలో పిసరంత తేడా ఉన్నా హెడ్ తన గీత వదిలి పక్కగీత మీదికి పోతుంది. అక్కడే చుక్కలు మొదలవుతాయి.

ఆటో ట్రాకింగ్‌ను నమ్ముకోవద్దని నా సలహా. అరిగిన టేపు మీద అది తడబడుతుంది, మంచి సీను మధ్యలో కూడా మళ్లీ వెతకడం మొదలుపెడుతుంది. దాన్ని ఆపి ట్రాకింగ్ బటన్లు మీరే నొక్కండి. పట్టీ మాయమవగానే వదిలేయకుండా అదే దిక్కున ఇంకా నొక్కుతూ పోండి, పట్టీ మళ్లీ వచ్చేదాకా. ఈ రెండు హద్దులకూ సరిగ్గా మధ్యలో నిలపండి. అంచున నిలిపితే టేపు కాస్త సాగిన చోటల్లా మళ్లీ చుక్కలే. ఒకే టేపు మీద వేర్వేరు మెషీన్లతో రికార్డు చేసిన భాగాలుంటే ప్రతి భాగానికీ విడిగా సరిచేసి, విడివిడిగా క్యాప్చర్ చేసుకోవాలి.

ఎంత తిప్పినా పట్టీ పైనో కిందో అంటుకుని కదలకుంటే టేపును నడిపించే గైడ్ల ఎత్తులో తేడా ఉండొచ్చు. గైడ్లను స్క్రూడ్రైవర్‌తో కదిలించకండి. ఈ టేపు బాగుపడినా మిగతావి చెడతాయి. వేరే వీసీఆర్‌లో వేసి చూడండి. ఆ టేపును రికార్డు చేసిన అసలు మెషీన్ ఇంకా పనిచేస్తుంటే అంతకన్నా మేలు లేదు.

బొమ్మకు అట్టడుగున కొద్ది వరుసలు మాత్రం ఎప్పుడూ చెదిరి ఉంటాయి. ఒక హెడ్ నుంచి రెండో హెడ్‌కు మారేటప్పుడు వచ్చే గుర్తు అది, లోపం కాదు. పాత టీవీలు బొమ్మ అంచులను కొంత దాచేసేవి కాబట్టి అప్పట్లో కనబడలేదు. అన్నీ అయ్యాక ఆ వరుసల మీద నల్లపట్టీ వేస్తే సరిపోతుంది.

రెండో పెద్ద సమస్య వణుకు. బొమ్మలో తలుపు చట్రమో స్తంభమో నిలువుగా ఉన్నదాన్ని ఒకదాన్ని ఎంచుకుని దాని అంచునే చూడండి. అంచు రంపంలా గరగరలాడుతోందా? పైభాగం ఒక పక్కకు ఒరిగిందా? పాల్‌లో బొమ్మలోని ఒక్కో అడ్డ వరుసకు 64 మైక్రోసెకన్ల సమయం ఉంటుంది. టేపు సాగినా, బిగువు మారినా వరుసలు కొన్ని ముందుగా, కొన్ని ఆలస్యంగా మొదలవుతాయి. పాత టీవీ ఆ తేడాకు సర్దుకునేది, క్యాప్చర్ పరికరం సర్దుకోదు. అందుకే టీవీలో బాగానే ఉన్న టేపు కంప్యూటర్లో వణుకుతుంది. తేడా మరీ ఎక్కువైతే ఫ్రేములు జారిపోయి, మాటలకూ పెదవులకూ పొంతన తప్పుతుంది.

దీనికి మందు టైమ్ బేస్ కరెక్టర్, అంటే టీబీసీ. వరుసలను మెమొరీలో పట్టి సమంగా వదలడమే దాని పని. వీహెచ్ఎస్‌కు మెరుగైన రూపమైన ఎస్-వీహెచ్ఎస్ వీసీఆర్లు కొన్నింటిలో ఇది లోపలే ఉంటుంది. కొన్ని డీవీడీ రికార్డర్లను వీసీఆర్‌కూ క్యాప్చర్ పరికరానికీ మధ్యలో పెట్టినా ఒరుగుడు చాలావరకు తగ్గుతుంది. డబ్బు పెట్టాల్సి వస్తే ఖరీదైన సాఫ్ట్‌వేర్ మీద కాకుండా ముందు దీని మీదే పెట్టమంటాను.

నడుస్తూ నడుస్తూ బొమ్మంతా ఒక్కసారిగా చుక్కలమయమైతే హెడ్‌కు మురికి పట్టినట్టే. వెంటనే ఆపి రెండో పాఠంలో చెప్పినట్టు శుభ్రం చేయండి. టేపు చుట్ట అంచున తెల్లటి పొడిలా బూజు కనబడితే దాన్ని వీసీఆర్‌లో వేయనే వద్దు. ఆ బూజు హెడ్లకు అంటి, తర్వాత వేసిన ప్రతి టేపుకూ పాకుతుంది.

కేబుల్ విషయం క్లుప్తంగా. వీహెచ్ఎస్ వెలుగునూ రంగునూ విడివిడిగా రాసుకుంటుంది. పసుపుపచ్చ కాంపోజిట్ కేబుల్ వాటిని కలిపి పంపిస్తే క్యాప్చర్ పరికరం మళ్లీ విడదీయాలి. రంగుల అంచుల్లో చుక్కలు పాకేది అందుకే. వీసీఆర్‌కు ఎస్-వీడియో (వెలుగునూ రంగునూ విడివిడి తీగల్లో పంపేది) ఉంటే అదే వాడండి. అడ్డంగా వెడల్పాటి నీడ మెల్లగా పైకి జరుగుతుంటే అది కరెంటు ఎర్తింగ్ తేడా కావచ్చు. పరికరాలన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి, లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి చూడండి.

క్యాప్చర్‌లో చెడేవి ముఖ్యంగా రెండు. మొదటిది తెలుపు. తెల్లచొక్కా మడతలు కనబడక ఒకే తెల్లటి మచ్చలా ఉంటే వెలుగు హద్దు దాటి కోతపడింది. ఆ మడతలు టేపులో ఉండి ఉండొచ్చు కానీ ఈ ఫైల్లో లేవు, ఎడిటింగ్‌లో వెలుగు తగ్గిస్తే తెల్లమచ్చ బూడిదమచ్చ అవుతుంది, అంతే. అందుకే టేపులో అన్నిటికన్నా వెలుగైన సీను వెతికి, హిస్టోగ్రామ్ (ఏ వెలుగు స్థాయి ఎంత ఉందో చూపే పటం) చూస్తూ, 0 నుంచి 255 దాకా ఉండే కొలతలో నలుపు 16కి, తెలుపు 235కి అటూఇటూ పడేలా బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ ముందే సరిచేయాలి. కాస్త తక్కువగా ఉన్నా తర్వాత పెంచుకోవచ్చు, కోతపడితే మాత్రం తిరిగిరాదు.

రెండోది ఇంటర్‌లేస్. కదిలే మనిషి అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనబడితే కంగారు పడకండి. టేపులో ప్రతి ఫ్రేమూ రెండు ఫీల్డులుగా, అంటే బేసి వరుసలు ఒకటి, సరి వరుసలు ఒకటిగా ఉంటుంది, వాటిని కలిపి చూపితే అలాగే కనిపిస్తుంది. క్యాప్చర్‌లో డీఇంటర్‌లేస్ (ఈ గీతలు పోగొట్టే సెట్టింగ్) ఆన్ చేయకండి, సైజు మార్చకండి. పాల్ అయితే 720×576, అమెరికా, జపాన్‌ల ఎన్‌టీఎస్‌సీ పద్ధతి అయితే 720×480. హఫ్‌వైయూవీ లాంటి నష్టంలేని కోడెక్‌లో (వీడియోను కుదించి దాచే పద్ధతిలో) పెడితే గంటకు సుమారు 30 జీబీ పడుతుంది. డిస్కు ఖాళీ చేసుకోండి, ఇక్కడ పొదుపు వద్దు.

వచ్చే పాఠంలో ఈ ఫీల్డులను విడదీసి సెకనుకు 50 ఫ్రేముల మెత్తటి కదలిక రాబడదాం. అందుకు ఒక ముక్క కావాలి: ఎవరైనా కెమెరాకు అడ్డంగా నడిచే సీను, నిమిషం చాలు. ట్రాకింగ్ చేత్తో సరిచేసి, తెలుపు కోతపడకుండా చూసుకుని క్యాప్చర్ చేసి ఉంచండి. పక్కనే ఒక కాగితం మీద ఆ ముక్కలో మిగిలిన లోపాలేమిటో, ఒక్కోటి ఎక్కడ పుట్టిందని మీరు తేల్చారో రాసిపెట్టుకోండి.