పసిపిల్లలకు నెబులైజర్ పెట్టడం ఎలా?

నెబులైజర్ అంటే మందుని సన్నటి పొగలా మార్చి పీల్చేలా చేసే మెషిన్. డాక్టర్ రాస్తేనే పెట్టండి. బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లో ఒక బాబుకి రాసిన మందు మూడు ఫ్లాట్లు తిరుగుతుంది. చంటిపిల్లల్లో జలుబుగా మొదలై ఛాతీకి దిగే బ్రాంకియోలైటిస్‌కి ఎక్కువసార్లు ఆర్‌ఎస్‌వీ వైరస్ కారణం. సన్నటి శ్వాసనాళాలు వాచి, కఫంతో పూడుకుపోయి పిల్లికూతలు వస్తాయి. ఆస్తమాకి వాడే సాల్బుటమాల్‌తో ఆ వాపు తగ్గదు, గుండె వేగం మాత్రం పెరుగుతుంది. బ్రాంకియోలైటిస్‌కి అది ఇవ్వొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లోనే చెప్పింది. 3 శాతం సెలైన్ (శుద్ధమైన ఉప్పునీటి మందు) రాస్తే సీల్ ఉన్నదే కొనండి, ఇంట్లో ఉప్పునీళ్లు కలపకండి.

మెషిన్, పసిపిల్లల సైజు మాస్క్, చేతులు కడుక్కోవడం, రాసినంత మందు కప్పులో పోయడం. ఇంతే. పెంగ్విన్ బొమ్మ మెషిన్లు దండగ.

ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేసి చీమిడి తీయండి. ముక్కు దిబ్బడేస్తే మందు లోపలికి పోదు.

ఇక మాస్క్. అందరూ తప్పు చేసేది ఇక్కడే. బిడ్డ ఏడుస్తుందని మాస్క్‌ని రెండు అంగుళాల దూరంలో పట్టుకుంటారు. పొగ కనిపిస్తుంది కాబట్టి మందు వెళ్తోందనుకుంటారు. అది గదిలోకి పోతోంది. మాస్క్ ముక్కునీ నోటినీ కప్పి, బుగ్గలకు ఆనుకుని ఉండాలి. అలాగని ఏడుస్తున్న బిడ్డకు అదిమి పెట్టినా లాభం లేదు, ఏడుపులో మందు ఊపిరితిత్తుల దాకా చేరేది చాలా తక్కువ. ఆపండి, ఊరుకోబెట్టండి, మళ్లీ పెట్టండి. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోవాలి, మంచం మీద పడుకోబెట్టి కాదు. మెషిన్ ఆన్ చేయకుండా ముందు ఉత్త మాస్క్‌తో ఆడించండి. పాలు పట్టిన వెంటనే మాత్రం వద్దు, కక్కేస్తారు. కప్పు చిటపటలాడితే అయిపోయినట్టే, సుమారు పది నిమిషాలు.

గుంటూరు నుంచి అమ్మమ్మగారు ఫోన్ చేసి ఆవిరి పట్టమంటారు. వద్దండీ, మరిగే నీళ్లతో పిల్లలు కాలతారు.

వాడిన ప్రతిసారీ కప్పు, మాస్క్ కడిగి గాలికి ఆరబెట్టండి. ట్యూబ్‌లోకి నీళ్లు పోనివ్వకండి.

మూడు నుంచి అయిదో రోజు దాకా ఆయాసం ముదరొచ్చు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు సగం కూడా తాగకపోయినా, రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60, ఆపై ఏడాది లోపు బిడ్డ 50 సార్లు లేదా ఇంకా ఎక్కువ ఊపిరి తీస్తున్నా మెషిన్ పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లండి. పెదాలు నీలంగా మారినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా 108కి ఫోన్ చేయండి.