బతికున్న కణంలో కాల్షియం అలను పట్టుకోవడం ఎలా

విశ్రాంతిలో ఉన్న కణద్రవ్యంలో కాల్షియం సుమారు 100 నానోమోలార్లే. బయట దానికి పదివేల రెట్లు ఉంటుంది. అయినా కాల్షియం అల, అంటే కణం పొడవునా పాకే కాల్షియం పెరుగుదల, మొదలయ్యేది లోపలి నిల్వ నుంచే, అంటే ఎండోప్లాస్మిక్ రెటిక్యులం నుంచి. ఐపీ3 (కణం లోపల సంకేతం మోసే చిన్న అణువు) అంటుకున్న ఛానెల్ ఒకటి తెరుచుకుంటే, అది వదిలిన కాల్షియం పక్క ఛానెల్‌ను తెరుస్తుంది. ఎండుగడ్డిలో నిప్పు పాకినట్టే. కాలిన చోట గడ్డి మళ్లీ మొలవాలి కదా, రెండో అల ఆలస్యం అందుకే.

గాజు అడుగున్న డిష్‌లో హీలా కణాలు (ప్రయోగశాలల్లో పెంచే మానవ కణాలు) సగానికి పైగా పరుచుకోవాలి. 50 మైక్రోగ్రాముల ఫ్లూయో-4 ఏఎంను (కాల్షియం తగిలితే వెలిగే రంగు, ఎస్టర్ రూపంలో) 45 మైక్రోలీటర్ల నీటి తడి లేని డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కరిగిస్తే సుమారు 1 మిల్లీమోలార్ ద్రావణం వస్తుంది. అందులో 2 మైక్రోలీటర్లకు అంతే మొత్తం 20% ప్లూరోనిక్ ఎఫ్-127 (రంగు నీటిలో కలిసేలా చేసేది) కలిపి, 1 మిల్లీలీటర్ హెపిస్ బఫర్‌లో (పీహెచ్ 7.4, కాల్షియం 2 మిల్లీమోలార్) వేయండి. సీరం ఉండకూడదు: అందులోని ఎస్టరేజ్‌లు (ఎస్టర్‌ను తెంచే ఎంజైములు) రంగును బయటే విడగొడితే అది లోపలికి పోదు. గది ఉష్ణోగ్రతలో, చీకట్లో 30 నిమిషాలు ఉంచి, రెండుసార్లు కడిగి, మరో 30 నిమిషాలు ఆగండి. ఈ రెండో అరగంటను చాలామంది ఎగ్గొడతారు. ఎస్టర్ పూర్తిగా తెగని రంగు కాల్షియానికి స్పందించదు.

రంగును వెలిగించడానికి 488 నానోమీటర్ల లేజర్, వీలైనంత తక్కువ శక్తితో. అల వేగం సెకనుకు 10-30 మైక్రోమీటర్లు; 30 మైక్రోమీటర్ల కణాన్ని ఒకటి నుంచి మూడు సెకన్లలో దాటేస్తుంది. సెకనుకు ఒక్క ఫ్రేమ్ తీస్తే కణమంతా ఒకేసారి వెలిగినట్టు కనిపిస్తుంది. సెకనుకు కనీసం 10 ఫ్రేములు కావాలి. అందుకోసం చిత్రం వైశాల్యం తగ్గించుకోండి. 30 సెకన్లు ఏమీ కలపకుండా తీసి, తర్వాత కణంలో ఐపీ3 పుట్టించే హిస్టమిన్ 10 మైక్రోమోలార్ అయ్యేలా డిష్ అంచు నుంచి మెల్లగా వదలండి. కణాల మీదే పోస్తే ఫోకస్ చెదురుతుంది.

ఫ్రేములు సరిపోయినా కణమంతా ఒక్కసారే వెలిగితే హిస్టమిన్ ఎక్కువైంది, 1-3 మైక్రోమోలార్లకు దించండి. రంగు చుక్కలుగా కనిపిస్తే అది కణాంగాల్లో చేరింది. లోడింగ్ సమయం తగ్గించండి. వెలుగు క్రమంగా తగ్గిపోతుంటే 1-2.5 మిల్లీమోలార్ ప్రొబెనిసిడ్ రంగు కారడాన్ని ఆపుతుంది. అల నీరసంగా ఉందని రంగు పెంచారా, పని చెడినట్టే. రంగు కూడా కాల్షియాన్ని పట్టి ఉంచేదే.

నిల్వ నుంచే వచ్చిందని తేల్చుకోవాలంటే కాల్షియం లేని, 1 మిల్లీమోలార్ ఈజీటీఏ (కాల్షియాన్ని పట్టేసేది) ఉన్న బఫర్‌కు మార్చి వెంటనే హిస్టమిన్ ఇవ్వండి. మొదటి అల వస్తుంది, తర్వాతివి సన్నగిల్లుతాయి.

వేగానికి కణం పొడవునా గీత గీసి కైమోగ్రాఫ్ (ఆ గీత మీది వెలుగు కాలంతో ఎలా మారిందో చూపే చిత్రం) తీయండి, అందులో వాలే వేగం. గీత అల దిశకు ఏటవాలుగా ఉంటే అంకె అసలు కంటే ఎక్కువ వస్తుంది, కాబట్టి అల ఎటు నుంచి ఎటు పోయిందో వీడియోలో చూశాకే గీత గీయండి.