మోడల్ రైలు మధ్యలో ఆగిపోతోందా? లోపాన్ని ఇలా పట్టుకోండి

కంట్రోలర్ దగ్గర చురుగ్గా పరుగెత్తే ఇంజిన్ బోర్డు అవతలి మూలకు వెళ్లేసరికి నీరసపడి ఆగిపోతుంటే, వెంటనే ఇంజిన్ విప్పకండి. ఒక విడి పట్టా ముక్కకు కంట్రోలర్ వైర్లు నేరుగా తగిలించి దాని మీద నడపండి. బాగా నడిస్తే లోపం లేఅవుట్ పట్టాల్లోనో వైరింగులోనో ఉన్నట్టు.

చెన్నైలో మొదట అనుమానించాల్సింది అతుకుల్ని. ఈ తేమకు నికెల్ సిల్వర్ పట్టాల మీద, వాటిని కలిపే ఫిష్‌ప్లేట్ల లోపల తుప్పు పొర, మురికి చేరతాయి. ఇత్తడి పట్టాలైతే ఇంకా త్వరగా. పట్టాల పైభాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి. గరుకు కాగితం మాత్రం వద్దు, ఆ గీతల్లో మురికి మళ్లీ కూరుకుంటుంది.

అయినా ఆగుతోందంటే కొలవాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఖాళీ పట్టాల మీద మల్టీమీటర్ పెడితే, చెడిన అతుకు అవతల కూడా 12 వోల్టులే చూపిస్తుంది. మీటర్ లాగే కరెంటు నామమాత్రం కాబట్టి అతుకులో వోల్టేజి తగ్గదు. అందుకే లోడ్ పెట్టి కొలవండి. పుదుపేట స్పేర్ పార్టుల షాపుల్లో దొరికే 12 వోల్టుల 5 వాట్ల బండి బల్బు చాలు. అది సుమారు 0.4 ఆంపియర్లు లాగుతుంది, చిన్న ఇంజిన్‌కు దగ్గరగా.

1. కంట్రోలర్‌ను పూర్తిగా పెంచి, బల్బు వైర్లను లేఅవుట్ చివరి పట్టాలకు తగిలించండి. బల్బు వేడెక్కుతుంది, ప్లాస్టిక్ స్లీపర్లకు తాకనివ్వకండి.
2. కంట్రోలర్ దగ్గరా, బల్బు దగ్గరా వోల్టేజి చూడండి. తేడా 1 వోల్టు దాటితే దారిలో అతుకు చెడింది.
3. బల్బును అక్కడే ఉంచి, మీటర్ కడ్డీలతో ఒక్కో అతుకు దాటుతూ వెనక్కి రండి. వోల్టేజి ఒక్కసారిగా ఎగిసిన అతుకే దోషి.

డీసీసీ (పట్టాల ద్వారా డిజిటల్ సంకేతాలు పంపి ఇంజిన్లను నడిపే పద్ధతి) లేఅవుట్ అయితే మీటర్‌ను ఏసీ రేంజిలో పెట్టండి. అంకె ఉజ్జాయింపే అయినా తేడా తెలుస్తుంది.

ఫిష్‌ప్లేటును నొక్కి బిగిస్తే కొన్నాళ్లు పనిచేస్తుంది, అంతే. శాశ్వత మందు: బోర్డు కింద 1.5 చదరపు మిల్లీమీటర్ల వైర్లు రెండు పరచి, ప్రతి పట్టా ముక్కకూ వాటి నుంచి ఒక సన్నని వైరు సోల్డర్ చేయడం. వైర్లు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. ఎడమ పట్టాకు ఎరుపు, కుడి పట్టాకు నలుపు అని మొదటే నిర్ణయించుకోండి. ఒక్క వైరు తారుమారైనా షార్ట్ అవుతుంది.

కంట్రోలర్ పదేపదే ట్రిప్ అవుతుంటే ఇంజిన్లు, లైట్లున్న పెట్టెలు తీసేసి, అదే బల్బును కంట్రోలర్ నుంచి వచ్చే ఒక వైరులో సిరీస్‌గా కలపండి. బల్బు నిండుగా వెలిగితే షార్ట్ ఉన్నట్టే. ఒక్కో భాగానికి సన్నని వైర్లను ఊడదీసి, పక్క భాగాలతో కలిపే ఫిష్‌ప్లేట్లనూ విడదీయండి, లేదంటే పక్క నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది. ఏ భాగాన్ని విడదీసినప్పుడు బల్బు ఆరిపోయిందో అక్కడ వెతకండి: పట్టాల మధ్య పడిన స్క్రూ, పాయింట్ (రైలు దారి మార్చే చోటు) దగ్గర తాకుతున్న వైరు. రైలు తిరిగి వచ్చిన దారికే ఎదురుగా చేరే లూప్ ఉంటే, దాని రెండు చివరలా రెండు పట్టాలకూ ఇన్సులేటెడ్ జాయినర్లు (కరెంటు పారనివ్వని అతుకులు) తప్పనిసరి.