కెమికల్ ఇంజనీరింగ్ మీకు గిట్టుబాటవుతుందా? చేరే ముందే లెక్క వేసుకోవడం ఎలా?

ఫీజు ఎంతో కనుక్కోవడం, ప్యాకేజీ ఎంతో కనుక్కోవడం, రెండోది పెద్దగా కనిపిస్తే చేరిపోవడం. ఎక్కువమంది వేసే లెక్క ఇదే. ఏ కోర్సుకైనా ఇది తప్పుడు లెక్కే, కెమికల్ ఇంజనీరింగ్‌కి మరీనూ. కాలేజీ గర్వంగా చూపించే ఆ ప్యాకేజీకీ ఈ చదువుకీ చాలాసార్లు సంబంధమే ఉండదు. చుట్టాల పిల్లల దగ్గర్నుంచి తోటి ఉద్యోగుల పిల్లల దాకా ఎందరికో ఈ లెక్క వేసిపెట్టాను. అందరూ తప్పేది ఒకే చోట, అక్కడికి వచ్చాక కాస్త ఆగుదాం.

కావలసినవి ఒక కాగితం, ఒక పెన్ను, ఫోన్‌లో క్యాలిక్యులేటర్. ఎక్సెల్ వద్దు. అందులో అంకె మార్చడం మరీ సులువు, నచ్చిన జవాబు వచ్చేదాకా మారుస్తూ కూర్చుంటారు. పెన్నుతో కొట్టేసిన అంకె అయితే కళ్లెదురుగానే ఉంటుంది.

1. చదువు పడుతుందో లేదో చూసుకోండి

కెమిస్ట్రీ ఇష్టం కాబట్టి కెమికల్ ఇంజనీరింగ్ అనుకుంటే ఇక్కడే ఆగండి. ఇందులో కెమిస్ట్రీ కంటే లెక్కలు, ఫిజిక్సు ఎక్కువ. పైపుల్లో ద్రవం ఎలా పోతుంది, వేడి ఎటు వెళ్తుంది, డిస్టిలేషన్ కాలమ్‌లో (ద్రవాల మిశ్రమాన్ని మరిగించి వేరుచేసే పొడుగాటి గొట్టంలో) ఎన్ని ట్రేలు కావాలి, రియాక్టర్ ఎంత పెద్దదుండాలి, నాలుగేళ్లూ ఇదే గొడవ. చిన్న పరీక్ష: 10 శాతం పంచదార ఉన్న నీళ్లు 1000 కిలోలు ఉన్నాయి, మరిగించి 40 శాతానికి తేవాలంటే ఎంత నీరు ఆవిరి కావాలి? పంచదార 100 కిలోలు, అది ఎక్కడికీ పోదు, కాబట్టి చివర మిగిలే ద్రావణం 250 కిలోలు, ఆవిరయ్యేది 750. ఇది చేస్తుంటే సరదాగా అనిపిస్తే ముందుకెళ్లండి. దీన్నే మెటీరియల్ బ్యాలెన్స్ అంటారు, దాని మీద ఉచిత పాఠాలు నెట్‌లో బోలెడున్నాయి, ఒక చాప్టర్ పూర్తిచేశాకే ఫీజు సంగతి.

2. ఖర్చు రాయండి

ఫీజు, హాస్టల్, పుస్తకాలు, ప్రయాణాలు. ఇది అందరికీ తెలిసిందే, త్వరగా రాసేయండి. మరిచిపోయేది వడ్డీ ఒక్కటే. ఏడాదికి 25 చొప్పున నాలుగేళ్లలో మొత్తం 100 అప్పు తీసుకున్నారనుకోండి (లక్షలో, డాలర్లో, మీ ఇష్టం), వడ్డీ 10 శాతం. ఏటా మొదట్లో డబ్బు తీసుకుని, చదువయ్యేదాకా మామూలు వడ్డీ వేసుకున్నా బయటికొచ్చేనాటికి అది 125. పదేళ్ల వాయిదాల్లో తీరిస్తే మొత్తం కట్టేది దాదాపు 198. కాగితం మీద రాయాల్సింది 100 కాదు, 198.

3. జీతం అంకె పట్టుకోండి (ఇక్కడే అందరూ బోల్తా పడేది)

మొదట, సగటును నమ్మకండి. పదిమందిలో తొమ్మిది మందికి ఏడాదికి 40, ఒకరికి 400 వచ్చిందనుకోండి. సగటు 76. ఆ 76 ఆ పదిమందిలో ఒక్కరి జేబులోకీ రాలేదు, కానీ బ్రోచర్ మీద పెద్దక్షరాలతో ఉండేది అదే. మీరు అడగాల్సింది మీడియన్, అంటే అందరినీ జీతం వరసలో నిలబెడితే మధ్యలో ఉండేవాళ్లది. ఇక్కడ అది 40. మీడియన్ చెప్పమంటే మాట దాటేసే కాలేజీని నేనైతే అక్కడికక్కడే కొట్టేస్తాను.

రెండోది, శాతం దేనిలో శాతమో అడగండి. క్లాసులో 60 మంది. ప్లేస్‌మెంట్లకి పేరిచ్చింది 40 మంది, ఉద్యోగం వచ్చింది 36 మందికి. "90 శాతం ప్లేస్‌మెంట్స్" అని బోర్డు. నిజానికి క్లాసులో 60 శాతమే. మిగతావాళ్లు పైచదువులకి వెళ్లారంటారు, కొందరు ఇష్టపడి వెళ్లుంటారు, కొందరు ఉద్యోగం రాక వెళ్లుంటారు, అది ఏ బోర్డు మీదా రాయరు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, ఇది చదివి వదిలేయకండి. ఆ 36 ఉద్యోగాల్లో కోర్ ఎన్ని, అంటే ఈ చదువు నిజంగా పనికొచ్చేవి ఎన్ని? రిఫైనరీ, ఫార్మా, ఎరువులు, పాలిమర్లు, నీటిశుద్ధి, సెమీకండక్టర్ ఫ్యాక్టరీలు, ప్లాంట్లు డిజైన్ చేసే కంపెనీలు, ఇవన్నీ కోర్. మిగతావి సాఫ్ట్‌వేర్, కన్సల్టింగ్, సేల్స్. ఆ ఉద్యోగాలు చెడ్డవని కాదు. ఏ డిగ్రీతోనైనా వచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం జీతాన్ని కెమికల్ డిగ్రీ ఖాతాలో జమ వేయడమే తప్పు. ఆ ఉద్యోగమే కావాలంటే దానికి దగ్గరి దారులు, చవక దారులు ఉన్నాయి. డిస్టిలేషన్ నేర్చుకుని కోడ్ రాయడానికి వెళ్లడం ఎందుకు?

ఈ వివరాలు కాలేజీని అడిగితే రావు, మీరే ఏరుకోవాలి. లింక్డ్‌ఇన్‌లో ఆ కాలేజీ, ఆ డిపార్ట్‌మెంట్, ఐదేళ్ల కిందటి బ్యాచ్ వెతకండి. నిన్నగాక మొన్న పాసైనవాళ్లు వద్దు, మొదటి ఉద్యోగం చాలావరకు అదృష్టం, ఐదో ఏడు ఎక్కడున్నారో అదీ అసలు సంగతి. ఓ ముప్పై మంది పేర్లెదురుగా ఏం చేస్తున్నారో రాయండి. ఒక జాగ్రత్త: పని దొరకనివాళ్లు ప్రొఫైల్ పెట్టరు, పెట్టినా మార్చరు. కాబట్టి కనిపించిన చిత్రాన్ని ఒక మెట్టు తగ్గించి చూడండి. తర్వాత వాళ్లలో ముగ్గురికి మర్యాదగా మెసేజ్ పెట్టి, చేరినప్పుడు నెలకి చేతికి ఎంత వచ్చేది, ఇప్పుడెంత అని అడగండి. ప్యాకేజీ అడగొద్దు, అందులో బోనస్, పీఎఫ్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపేసి చెబుతారు.

నాలుగోది, కాలం. ఈ రంగం చమురు ధరతో పాటు ఊగుతుంది. 2012లో బ్రెంట్ క్రూడ్ (ప్రపంచ మార్కెట్లో ధరకి కొలమానంగా చూసే ముడిచమురు) సగటున బ్యారెల్ 100 డాలర్ల పైన ఉంది. ఆ జోరు చూసి చేరినవాళ్లు 2016లో బయటికొచ్చారు, ఆ జనవరిలో ధర 30 డాలర్ల కిందకి పడింది, ఆయిల్ కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్న కాలం. కాబట్టి ఈ ఏటి జీతాలు కాదు, ఒక మంచి ఏడాదీ ఒక చెడ్డ ఏడాదీ రెండూ చూసి, చెడ్డదానికి దగ్గరగా ఉన్న అంకె రాయండి.

ర్యాంకింగుల జాబితాలు, నెట్‌లో దొరికే ఆర్‌ఓఐ (పెట్టిన డబ్బుకి రాబడి) క్యాలిక్యులేటర్లు చాలునంటారు కొందరు. వాటిలో వేసేది కూడా ఆ సగటు అంకే. చెత్త పోస్తే చెత్తే వస్తుంది, మిషన్ ఎంత ఖరీదైనదైతేనేం.

4. సున్నాతో కాదు, రెండో దారితో పోల్చండి

ఈ డిగ్రీ చేయకపోతే ఇంట్లో ఊరికే కూర్చోరు కదా, ఇంకేదో చేస్తారు. అది మూడేళ్ల మామూలు డిగ్రీ అనుకుందాం, దాని ఖర్చు 60, తర్వాత ఏడాదికి 30 జీతం. అప్పుడు కెమికల్‌కి అదనపు ఖర్చు 138 (198లో 60 పోగా), ఒక ఏడాది ఆలస్యంగా సంపాదన మొదలవుతుంది కాబట్టి ఇంకో 30, మొత్తం 168. బ్రోచర్ చెప్పిన 76 వేసుకుంటే ఏటా 46 ఎక్కువ, నాలుగేళ్లలోపే ఖర్చు తిరిగొస్తుంది. మీడియన్ 40 వేసుకుంటే ఏటా 10 ఎక్కువ, దాదాపు 17 ఏళ్లు పడుతుంది. మూడో మెట్టు మీద అంతసేపు నిలబెట్టింది ఇందుకే. జీతాలు పెరుగుతాయి, నిజమే, రెండు దార్లలోనూ పెరుగుతాయి. నా లెక్కలో ఏడేళ్లు దాటితే ఆ కాలేజీ వద్దు. కోర్సు వద్దని కాదు, ఆ ఫీజుకి వద్దని.

5. అంకెల్లో రానివి

ప్లాంట్లు ఊరికి దూరంగా ఉంటాయి. షిఫ్టులు ఉంటాయి, రాత్రి షిఫ్టూ ఉంటుంది, షట్‌డౌన్ (మరమ్మతుల కోసం ప్లాంట్ ఆపే) రోజుల్లో పండగా లేదు సెలవూ లేదు. పెళ్లయితే భాగస్వామికి ఆ చుట్టుపక్కల ఉద్యోగం దొరుకుతుందా అన్నది పెద్ద ప్రశ్న, అబ్బాయిలు దీన్ని అస్సలు పట్టించుకోరు. మరోవైపు అలాంటిచోట్ల కంపెనీ క్వార్టర్స్ ఉంటే అద్దె మిగులుతుంది, చేతిలో డబ్బు నిలుస్తుంది. ఇవి కాగితం వెనకవైపు రాయండి, అంకెలతో కలపకండి.

వేరే దేశం వెళ్లే ఆలోచన ఉంటే, కోర్సుకి వాషింగ్టన్ అకార్డ్ కింద గుర్తింపు ఉందో లేదో చూడండి. 1989లో మొదలైన ఒప్పందం అది, అందులో ఉన్న దేశాలు ఒకరి ఇంజనీరింగ్ డిగ్రీని ఒకరు గుర్తిస్తాయి. కాలేజీకి కాదు, ఆ కోర్సుకి, మీరు చదివే సంవత్సరాలకి ఉండాలి. తేదీలతో సహా చూసుకోండి.

మాస్టర్స్ చేస్తే ఎంత వస్తుందన్నది ఈ కాగితం మీద రాయకండి. దానికి ఇంకో కాగితం, ఇంకో అప్పు, ఇంకో మీడియన్.