పాత జీపుకు డిస్క్ బ్రేకులు: లక్షణం, కారణం, మరమ్మతు

నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులున్న పాత మహీంద్రా జీపులు పాడేరు, మారేడుమిల్లి వైపు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. వాటి బ్రేకులకు మూలం విల్లీస్ జీపు. తొలి బళ్ళలో 9 అంగుళాల డ్రమ్ములు, డ్రైవరు కాళ్ళ కింద ఛాసిస్‌కు బిగించిన మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు నెట్టే భాగం), నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే ఆయిల్ దారి ఉండేవి. తర్వాత డ్రమ్ములు పెద్దవయ్యాయి గానీ పద్ధతి చాలాకాలం అదే. అలాంటి బండికి 31 అంగుళాల టైర్లు, మరింత బలమైన ఇంజను తగిలించి ఘాట్ రోడ్డు దించితే బ్రేకులు చాలవని తెలియడానికి ఎక్కువసేపు పట్టదు. వెంటనే ముందు చక్రాలకు డిస్కులు వేయించాలనిపిస్తుంది. వేయించవచ్చు. అయితే డిస్కులు వేశాక వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి డిస్కుతో సంబంధం ఉండదు. కొత్త డిస్కుకూ పాత మాస్టర్ సిలిండరుకూ పొత్తు కుదరక వచ్చేవే ఎక్కువ. ఏ లక్షణానికి ఎక్కడ వెతకాలో చూద్దాం.

పెడల్ గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగడం లేదు (ఇంకా డ్రమ్ములే)

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. ఖాళీగా ఉన్న పొడి రోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగంలో పెడల్ గట్టిగా నొక్కండి. నాలుగు చక్రాలూ బిగిసి టైర్లు ఈడ్చుకుపోతే బ్రేకుకు కావలసిన బలం ఉన్నట్టే. ఆ పైన బండిని ఆపేది టైరు పట్టు. డిస్కు వేసినా ఆగే దూరం పెద్దగా తగ్గదు. డిస్కుతో దక్కే లాభం వేరు: దిగుడులో వేడెక్కినా పట్టు అంతగా సడలదు, వాగు దాటాక త్వరగా ఆరుతుంది, రెండు పక్కలా సమానంగా పనిచేస్తుంది.

చక్రాలు బిగియకపోతే డ్రమ్ములు విప్పండి. డ్రమ్మును లోపలి నుంచి ఒత్తే షూల మీది లైనింగ్ అద్దంలా మెరుస్తుంటే వేడికి కాలిపోయినట్టు. షూ నడుమ మాత్రమే అరిగి చివర్లు కొత్తగా ఉంటే, డ్రమ్మును లేత్ మీద ఎక్కువగా తీయించారు, షూ వంపు దానికి కుదరడం లేదు. కొత్త లైనింగ్ వేయించి, ఆ డ్రమ్ము కొలతకే షూ వంపు కుదిర్చే చోట పని చేయించండి. చాలా బళ్ళకు ఈ ఒక్క మరమ్మతే సరిపోతుంది. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. డ్రమ్ములోని దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదవద్దు, నీళ్ళతో తడిపి తుడవండి.

బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతోంది

చాలామంది మెకానిక్‌లు ముందుగా వీల్ సిలిండర్ (చక్రం దగ్గర షూలను నెట్టేది) మార్చేస్తారు. దానికంటే ముందు బండి లాగే వైపుకు ఎదురు చక్రం విప్పి చూడాలి. కుడికి లాగితే ఎడమ చక్రం పట్టడం లేదన్నమాట. లైనింగ్ మీద నల్లటి జిడ్డు ఉంటే వేలితో తీసి వాసన చూడండి. ఘాటైన గంధకపు వాసన వస్తే అది గేరు ఆయిల్, ఇరుసు సీలు దాటి వచ్చింది. పలచగా, కాస్త తియ్యటి వాసనతో ఉంటే బ్రేక్ ఆయిల్, అప్పుడు తప్పు వీల్ సిలిండరుదే.

గేరు ఆయిలైతే సీలు మార్చి ఊరుకోకండి. ఇరుసు హౌసింగ్ పైన లోపలి గాలి బయటికి పోయే చిన్న బ్రీదర్ ఉంటుంది. బురదలో తిరిగే బళ్ళలో అది మూసుకుపోతుంది. నడిచేకొద్దీ హౌసింగ్ వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. బయటికి దారి లేక సీలు అంచు మీదుగా ఆయిల్‌ను డ్రమ్ములోకి నెట్టేస్తుంది. బ్రీదర్ శుభ్రం చేయకపోతే కొత్త సీలుకూ అదే గతి. బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తగిలించి బాడీ ఎత్తు దాకా తీసుకువెళ్తే వాగుల్లో నీళ్ళు కూడా ఎక్కవు. ఇక ఆయిల్ తాగిన లైనింగును పెట్రోలుతో కడిగితే బాగుపడుతుందనేది భ్రమ. వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్ళీ పైకి ఊరుతుంది. దాన్ని పారేయాల్సిందే.

డిస్కులు వేశాక పెడల్ లోతుగా, మెత్తగా వెళ్తోంది

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. కారణాలు నాలుగు, వాటిని ఈ వరుసలోనే చూడండి.

మొదట కాలిపర్ల (డిస్కును ప్యాడ్లతో పట్టే భాగాలు) మీద గాలి తీసే నిపుల్ ఏ వైపు ఉందో చూడండి. కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగిస్తే నిపుల్ కిందికి వస్తుంది. గాలి పైనే ఉండిపోతుంది, ఎన్ని లీటర్ల ఆయిల్ పోసి గాలి తీసినా బయటికి రాదు. నిపుల్ ఎప్పుడూ పైన ఉండాలి. నవ్వులాటగా అనిపించినా, దీన్ని గమనించక మాస్టర్ సిలిండర్ మార్పించుకున్న వాళ్ళున్నారు.

రెండోది వెనక డ్రమ్ముల సర్దుబాటు. షూలు దూరంగా ఉంటే పెడల్ ప్రయాణంలో సగం వాటిని డ్రమ్ము దాకా చేర్చడానికే పోతుంది. చక్రం చేత్తో తిప్పుతూ, షూ లీలగా తగిలే దాకా బిగించి, తిరగడం తేలికయ్యేంత వరకు కాస్త వదలండి. ఒకసారి నొక్కితే లోతుగా వెళ్ళి, వెంటవెంటనే రెండు మూడు సార్లు నొక్కితే పైకి వస్తున్న పెడల్‌కు చాలాసార్లు ఇదే మందు.

మూడోది మాస్టర్ సిలిండర్ బోరు, అంటే లోపలి వ్యాసం. ఇక్కడ చిన్న లెక్క తప్పదు. కాలిపర్ పిస్టన్ వ్యాసం 54 మి.మీ. అనుకుందాం. ప్యాడ్లు 0.3 మి.మీ. కదలాలంటే రెండు కాలిపర్లకూ కలిపి సుమారు 1,370 ఘన మి.మీ. ఆయిల్ కావాలి. మాస్టర్ సిలిండర్ బోరు 22.2 మి.మీ. అయితే దాని పిస్టన్ 3.5 మి.మీ. కదలాలి. పెడల్ నిష్పత్తి (పిస్టన్ కదలికకు పాదం కదలిక ఎన్ని రెట్లో) 6 అయితే పాదం దగ్గర అది 21 మి.మీ. అవుతుంది. అదే 25.4 మి.మీ. బోరుకు పాదం దగ్గర 16 మి.మీ. చాలు. కొత్త కాలిపర్లకు ఎక్కువ ఆయిల్ కావాలి గనుక పాత మాస్టర్ సిలిండర్ చాలకపోవచ్చు. అలాగని బోరు మరీ పెంచితే, అదే కాలి బలానికి ఒత్తిడి తగ్గుతుంది. 22.2 నుంచి 25.4కు వెళ్తే దాదాపు నాలుగో వంతు ఒత్తిడి పోతుంది, పెడల్ రాయిలా తయారవుతుంది. పెద్ద బోరు పెడితే, వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచే బూస్టర్ కూడా పెట్టాలనేది ఇందుకే.

నాలుగోది పాత జీపులకే ప్రత్యేకం. మాస్టర్ సిలిండర్ కాళ్ళ కింద, కాలిపర్ల కంటే దిగువన ఉంటే, బండి ఆపినప్పుడు ఆయిల్ మెల్లగా వెనక్కి దిగుతుంది. పొద్దున మొదటి బ్రేకు లోతుగా వెళ్తుంది, ఆ తర్వాత బాగానే ఉంటుంది. ముందు చక్రాల దారిలో 2 పీఎస్‌ఐ ఒత్తిడి నిలిపే రెసిడ్యువల్ వాల్వు వేస్తే చాలు. మాస్టర్ సిలిండరును బానెట్ లోపలి గోడకు, పైకి మార్చిన బళ్ళకు ఈ వాల్వు అవసరం లేదు.

పైకి మార్చడమే మంచి పని అని నా అభిప్రాయం. ఎలాగూ మారుస్తున్నారు గనుక రెండు దారులున్న టాండెమ్ సిలిండరే పెట్టించండి. ఒక్క దారి బండిలో ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు. డిస్కులు లేకపోయినా పర్వాలేదు గానీ, ఘాట్ దిగే బండికి ఒక్క దారి సిలిండర్ మాత్రం వద్దు.

కాలు తీసినా బ్రేకులు వదలడం లేదు

పది కిలోమీటర్లు నడిచేసరికి బండి బరువుగా లాగుతుంది, హబ్బులు చేయి పెట్టలేనంత వేడెక్కుతాయి. చల్లారితే మామూలే. వేడికి ఆయిల్ వ్యాకోచించి వెనక్కి వెళ్ళే దారి దొరక్కపోవడమే సాధారణంగా దీనికి కారణం.

పట్టేసి ఉన్నప్పుడే వెతకాలి. ముందు చక్రం జాకీ మీద లేపి, కాలిపర్ నిపుల్‌కు గొట్టం తగిలించి కొద్దిగా వదులు చేయండి. ఆయిల్ చిమ్మినా చిమ్మకపోయినా చక్రం అలాగే బిగిసి ఉంటే తప్పు కాలిపర్‌లోనే ఉంది: పిస్టన్ పట్టేసిందో, స్లైడ్ పిన్నులు తుప్పు పట్టాయో చూడాలి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే ఒత్తిడి పైన ఎక్కడో చిక్కుకుంది. నిపుల్ బిగించి, నడిపి, మళ్ళీ పట్టేయనివ్వండి. ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు వదులు చేయండి. చక్రం వదలకపోతే మధ్యలోని రబ్బరు గొట్టం లోపల ఉబ్బి మూసుకుపోయింది. పైకి కొత్తగా కనిపించినా మార్చేయాలి. వదిలితే తప్పు మాస్టర్ సిలిండర్ దగ్గర ఉంది.

అక్కడ చూడాల్సినవి రెండు. ఒకటి పెడల్ నుంచి పిస్టన్‌ను నెట్టే పుష్ రాడ్. రాడ్డుకూ పిస్టనుకూ మధ్య కొద్దిపాటి సందు ఉండాలి. అది లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, డబ్బాలోకి ఆయిల్ తిరిగి వెళ్ళే సన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. విల్లీస్ తరహా పెడల్ దగ్గర ఈ సందు సుమారు 12 మి.మీ. ఖాళీ ఆటగా తెలుస్తుంది. రెండోది డ్రమ్ము బ్రేకుల కాలపు మాస్టర్ సిలిండర్ లోపల ఉండే 10 పీఎస్‌ఐ వాల్వు. డ్రమ్ముకు స్ప్రింగులున్నాయి కాబట్టి ఆ ఒత్తిడి ఏమీ చేయదు. డిస్కుకు స్ప్రింగులు లేవు, ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. ముందు దారిలోంచి ఆ వాల్వు తీసేయాలి, వెనక డ్రమ్ముల దారిలో ఉంచాలి.

వెనక చక్రాలు ముందుగా బిగిసి బండి తిరగబోతోంది

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. డిస్కుకు డ్రమ్ము కంటే ఎక్కువ ఒత్తిడి కావాలి. డ్రమ్ములో చక్రం తిరుగుడే షూను ఇంకా లోపలికి లాక్కుంటుంది, డిస్కులో ఆ సాయం లేదు. ముందు డిస్కుకు సరిపడా నొక్కేసరికి వెనక డ్రమ్ముకు అది ఎక్కువైపోతుంది. దిగుడులో బరువంతా ముందుకు వాలుతుంది గనుక వెనక టైర్లకు పట్టు ఇంకా తక్కువ. పొట్టి జీపు అయితే గిర్రున తిరిగిపోతుంది. వెనక పైపు దారిలో ఒత్తిడిని తగ్గించే, సర్దుబాటు చేసుకోగల ప్రపోర్షనింగ్ వాల్వు పెట్టి, తడి మట్టి మైదానంలో ముందు చక్రాలు కాస్త ముందుగా బిగిసేలా తిప్పుకోండి. ముందు దారిలో మాత్రం దాన్ని ఎప్పుడూ పెట్టకూడదు.

పెడల్ చెక్కలా గట్టిగా అయిపోయింది (బూస్టర్ ఉన్న బండి)

ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు నొక్కి, నొక్కే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి జారితే బూస్టర్ బాగున్నట్టే. జారకపోతే వాక్యూమ్ గొట్టం, వన్‌వే వాల్వు, పంపు ఈ వరుసలో చూడండి. డీజిల్ ఇంజనుకు పెట్రోలు ఇంజనులా సొంత వాక్యూమ్ ఉండదు, చాలావాటిలో ఆల్టర్నేటర్ వెనక ఉండే పంపు ఇస్తుంది. ఆల్టర్నేటర్ కాలిపోయిందని పంపు లేని రకం తెచ్చి బిగిస్తే బ్యాటరీ చార్జ్ అవుతుంది గానీ బ్రేకుకు బలం పోతుంది. డీజిల్ మిగులుతుందని దిగుడులో ఇంజను ఆపి దించే అలవాటు ఉన్నవాళ్ళు ఈ బండికి బూస్టర్ పెట్టకపోవడమే మేలు: బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు నొక్కులకే అయిపోతుంది.

లీకులు, రాపిడి, చప్పుళ్ళు

పాత జీపుల పైపు నట్లలో 3/8 అంగుళం, అంగుళానికి 24 మరల యూఎన్ఎఫ్ రకం ఉంటుంది. కొత్త కాలిపర్లవి తరచుగా ఎం10, 1 మి.మీ. మరలు. రెండూ చేతికి ఒకేలా అనిపిస్తాయి, నాలుగు మరలు ఎక్కి బిగిసినట్టే ఉంటాయి. గట్టిగా తొక్కిన రోజు ఊడివస్తాయి. మర గేజితో కొలవకుండా బిగించనివ్వకండి. పైపు ఉక్కుదై ఉండాలి, చివర డబుల్ ఫ్లేర్ (రెండు మడతలుగా విప్పిన అంచు) ఉండాలి. రాగి గొట్టం వంచడానికి సులువని వేసే వాళ్ళుంటారు. అదురుడుకు అది పగులుతుంది, వద్దనండి.

కమాన్లు ఎత్తు చేసిన బండిలో చక్రం గాలిలో వేలాడేటప్పుడు, స్టీరింగ్ రెండు చివరలకూ తిప్పినప్పుడు రబ్బరు గొట్టం బిగుసుకుంటుందేమో చూడండి. 15 అంగుళాల రిమ్ము లోపల సన్నటి మెరుపు గీత కనిపిస్తే కాలిపర్ తగులుతోంది. డిస్కు కిట్టు కొనేముందే రిమ్ము తొడిగి చూడటం మంచిది. బొలెరో డిస్కు, కాలిపర్ వేయాలంటే నకిల్ (ముందు చక్రం బిగించి తిరిగే భాగం) వేరు కాబట్టి బ్రాకెట్ కావాలి. గ్యాసుతో కోసి వెల్డింగ్ చేసిన ముక్క కాకుండా, యంత్రం మీద చెక్కిన మందపాటి ఉక్కుదే తీసుకోండి, బోల్టు తల మీద దాని బలం తెలిపే 10.9 గుర్తు ఉందో లేదో చూడండి. వెనక్కి నడిపి బ్రేకు వేసినప్పుడు టక్కుమంటే ముందు ఆ బోల్టులే చూడాలి.

ఆయిల్ డాట్ 4 వాడండి. కొత్తదిగా ఉన్నప్పుడు అది 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. మన వానాకాలాలకు రెండేళ్ళకోసారి మార్చాల్సిందే.

హ్యాండ్ బ్రేకు నిలవడం లేదు

పాత జీపులో హ్యాండ్ బ్రేకు చక్రాలకు కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు ఉంటుంది. ముందు డిస్కులు వేసినా దీనికేమీ కాదు. నిలవకపోతే ఆ డ్రమ్ములో కారిన ఆయిల్ ఉందేమో చూసి, ట్రాన్స్‌ఫర్ కేసు సీలు మార్పించండి. ఒక్క వెనక చక్రం జాకీ మీద లేపితే ఈ బ్రేకు బండిని పట్టదు: డిఫరెన్షియల్ లేచిన చక్రాన్ని వెనక్కి తిప్పేస్తుంది, నేల మీది చక్రం దొర్లుతుంది. ముందు చక్రాలకు రాళ్ళు పెట్టకుండా జాకీ వేయకండి.

పని మొదలు పెట్టేముందు ఆర్టీఏ కార్యాలయంలో ఒక మాట అడగండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ బండిలో మార్పులకు హద్దులు పెట్టింది. 15 ఏళ్ళు దాటిన బండి రిజిస్ట్రేషన్ పొడిగింపుకు వెళ్ళినప్పుడు ఇబ్బంది రాకుండా బిల్లులు దాచుకోండి. పని పూర్తయ్యాక ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 కిలోమీటర్లకు పదిసార్లు, మధ్యలో చల్లారనిస్తూ, మెత్తగా వేగం తగ్గించండి. పూర్తిగా ఆపి పెడల్ తొక్కి ఉంచకండి, వేడి ప్యాడ్ల ముద్ర డిస్కు మీద పడుతుంది. 500 కిలోమీటర్ల తర్వాత కాలిపర్ బోల్టులు, పైపు నట్లు ఇంకోసారి బిగించి, వెనక షూలు మళ్ళీ సర్దండి.