సొంతంగా చేసుకున్న మైక్రోసర్జరీ పరికరాలు: సమస్య - పరిష్కారం

ఎలుకలో కిడ్నీ, లివర్ మార్పిడి నేర్చుకునేవాళ్లు కుట్టు సరిగా పడకపోతే ముందు తమ చేతినే తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు చేతిది కాదు, పరికరం కొసన ఉన్న చివరి రెండు మిల్లీమీటర్లది. అందుకని ఏ తేడా వచ్చినా ముందు ఆ కొసను మైక్రోస్కోప్ కింద పెట్టి చూడండి. కావలసిన సామాను కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. వాచీ రిపేరువాళ్లు వాడే ఫోర్సెప్స్ (సన్న మొనల పట్టకారు), పెయింట్ షాపులో వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం), కంసాలి త్రాసు... దాదాపు అన్నీ విజయనగరం బజార్లోనే దొరుకుతాయి.

దారం పట్టులోంచి జారిపోతోంది

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. 10-0 నైలాన్ దారం మందం 20 నుంచి 29 మైక్రాన్లే, తలవెంట్రుక కంటే బాగా సన్నం. దాన్ని పట్టాలంటే ఫోర్సెప్స్ రెండు మొనలూ ముందు కొసన తగలాలి, ఆ తర్వాతే వెనక భాగం కలవాలి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మెల్లగా నొక్కండి. కొస దగ్గర సన్నని వెలుగు గీత కనిపిస్తూ వెనక మాత్రం కలిసిపోయి ఉంటే, ఎంత గట్టిగా నొక్కితే కొస అంతగా విచ్చుకుంటుంది. జారుతోందని ఇంకా నొక్కడం వల్ల వచ్చే తంటా ఇది.

వెనక ముందుగా తగులుతున్న చోట, లోపలివైపు, సన్న సానరాయితో రెండు మూడు సార్లు రుద్ది మళ్లీ చూడండి. కొసను ముట్టుకోవద్దు. ఒక మొన పొడుగ్గా ఉంటే రెండూ మూసి, తడిపిన 2000 నంబరు వాటర్ పేపర్ మీద నిలువుగా ఆనించి, సమానమయ్యేదాకా తేలిగ్గా తిప్పండి. చివర్లో పేపర్ ముక్కను మొనల మధ్య పెట్టి వదులుగా మూసి బయటికి లాగండి, తిరగేసి మళ్లీ లాగండి. దూది మీద గీస్తే పోగు పట్టుకుందంటే ఇంకా ముల్లు మిగిలి ఉన్నట్టే. చేతి వెనక నూగు వెంట్రుకను పట్టి లాగితే జారకూడదు, తెగనూ కూడదు. తెగితే అంచు పదునుగా ఉందన్నమాట. తోలు ముక్క మీద మెటల్ పాలిష్ రాసి ఆ అంచును గుండ్రం చేయండి.

మొనలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయంటే ఎవరో కింద పడేసి ఉంటారు, అడిగితే ఎవరూ ఒప్పుకోరు. ఫోర్సెప్స్ కాలును మధ్యలో వేళ్లతో వంచి సరిచేయండి. ఊదుగొట్టంతో వేడిచేసి సరిచేస్తానని ఎవరైనా అంటే మాత్రం ఇవ్వకండి. ఎక్కువ కాలితే ఉక్కు స్ప్రింగు దెబ్బతింటుంది.

సూది ఎగిరొచ్చి ఫోర్సెప్స్‌కి అంటుకుంటోంది

అయస్కాంతం ఎక్కింది. సెల్‌ఫోన్ స్పీకర్ పక్కనో, అయస్కాంతపు మూత ఉన్న డబ్బాలోనో పెట్టి ఉంటారు. వాచీ షాపులో అయస్కాంతం పోగొట్టే డీమాగ్నెటైజర్ ఉంటుంది. దాని బటన్ నొక్కి ఉంచి, పరికరాన్ని మెల్లగా చేతి పొడవు దూరం వెనక్కి తెచ్చాకే వదలాలి. దగ్గరుండగా వదిలేస్తే మళ్లీ ఎక్కుతుంది.

క్లాంప్ తీశాక నాళంలో గడ్డ కడుతోంది

క్లాంప్ అంటే కుట్టు వేసేటప్పుడు రక్తం ఆపడానికి నాళాన్ని నొక్కి పట్టే చిన్న క్లిప్పు. దాని స్ప్రింగు మరీ గట్టిగా ఉంటే నాళం లోపలి పొర నలిగి, అక్కడ రక్తం గడ్డకడుతుంది. చదరపు మిల్లీమీటరుకు 30 గ్రాములు దాటకూడదన్నది మైక్రోసర్జన్ ఆక్లాండ్ చెప్పిన లెక్క. 1 మి.మీ. నాళాన్ని నొక్కితే సుమారు 1.5 మి.మీ. వెడల్పుగా పరుచుకుంటుంది. క్లాంప్ దవడ వెడల్పు 1 మి.మీ. అనుకుంటే హద్దు 45 గ్రాములు. కొలవడం తేలికే. ఒక దవడను బల్లకు బిగించి, రెండోదానికి దారంతో సీసా మూత వేలాడదీయండి. అందులో చిటికెడు చిటికెడుగా ఇసుక వేస్తూ పోయి, దవడలు విడీవిడనట్టు ఉండగానే ఆపి, ఇసుకతో సహా మూతను కంసాలి త్రాసులో తూచండి. మధ్యలో నాళం ఉన్నప్పుడు స్ప్రింగు ఇంకాస్త బిగుస్తుంది కాబట్టి 35 దగ్గరే ఆగడం నయం. ఎక్కువొస్తే క్లాంప్ కాళ్లను వెడల్పుగా తెరిచి వంచితే బిగువు తగ్గుతుంది.

నాళం జారిపోతుంటే మాత్రం స్ప్రింగు పెంచకండి. దవడల లోపలి నునుపును 800 నంబరు పేపర్‌తో కాస్త పోగొడితే చాలు. క్లాంప్ చేసుకునే తీగ విషయంలో గిటార్ తీగ కంటే డెంటల్ షాపులో దొరికే స్టెయిన్‌లెస్ వైరు మేలు, తుప్పు బెడద తక్కువ.

కఫ్ దగ్గర రక్తం కారుతోంది, లేదా కఫ్ ఊడిపోతోంది

కఫ్ అంటే సిర కొసను దాని మీదుగా మడిచి కట్టి, రెండో సిరలోకి దూర్చే చిన్న గొట్టం. ఎలుక లివర్ మార్పిడికి 1979లో కమడ, కాల్నే అనే సర్జన్లు చూపించిన ఈ కఫ్‌ను, సెలైన్ ఎక్కించే ఐవీ కాన్యులాతోనే చేసుకోవచ్చు. నారింజ రంగు 14 గేజ్ బయటి వ్యాసం సుమారు 2.1 మి.మీ. కత్తెరతో కోస్తే గొట్టం నలిగి, అంచు పీచులేచి, మడత వేసిన సిరను చీలుస్తుంది. కాన్యులాను దాని సూది మీదే ఉంచి, కొత్త బ్లేడు కింద దొర్లిస్తూ కోయండి. ఊడిపోతుంటే బయటివైపు బ్లేడుతో చుట్టూ తేలిగ్గా గీత పెట్టండి, ముడి అందులో కూర్చుంటుంది. కవరు మీద పాలీయురెథేన్ అని ఉంటే వదిలేయండి. ఒంటి వేడికి అది మెత్తబడుతుంది. టెఫ్లాన్‌ది వెతకండి.

స్టెయిన్‌లెస్ అయినా చుక్కలు చుక్కలుగా తుప్పు

సెలైన్ ఆరిపోయేదాకా వదిలేస్తే ఇంతే. మన తీరం గాలి దానికి తోడు. పని అవ్వగానే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టండి. బ్లీచింగ్ నీళ్లు దగ్గరికి రానివ్వద్దు. మామూలు ఇనుప తీగ హుక్కులను వీటితో కలిపి ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములు చంపే యంత్రంలో) వేయకండి, వాటి తుప్పు వీటికి అంటుతుంది.

సరిచేసిన ఏ పరికరాన్నైనా ముందు చికెన్ షాపు నుంచి తెచ్చిన కోడి కాలిలోని తొడ ధమని మీద వాడి చూడండి. బతికున్న ఎలుక దగ్గరికి వెళ్లేది ఆ తర్వాతే, అదీ మీ సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి చేతికొచ్చాకే.